వందన ఒక్కపొద్దు

పొద్దున ఎనిమిదింటికి జమున బిడ్డ పొట్ట మీద తోలును రెండు వేళ్లతో పట్టి సూది గుచ్చింది. ఏడేళ్ల వందన ఏడవలేదు. ఐదు నెలలుగా రోజుకు రెండు సూదులు. ఏడుపు మొదటి నెలలోనే అయిపోయింది. ఇప్పుడు సూది దిగుతుంటే ఎటో చూస్తూ కాళ్లు ఊపుతుంది, అంతే.

"అమ్మా, గిదే ఆఖరి సూదా?"

"దేవుని దయ బిడ్డా. సాయంత్రం దాకా జూద్దాం."

"సాయంత్రం గూడ ఒద్దు."

జమున మందు సీసాను తడి ఇసుక పోసిన కుండలోకి దించి మూత పెట్టింది. సూది మానాలన్న ఆలోచన ఆమెకు ఏనాడూ లేదు. పిల్లకు షుగరని తేల్చిన నిర్మల్ డాక్టర్ పిడుగు పడ్డా సూది తప్పొద్దన్నాడు. ఐదు నెలల్లో ఒక్కపూటా తప్పలేదు. ఆ రోజు తప్పబోయింది బువ్వ.

వాళ్ల ఊరి చివర చేన్ల నడుమ ఉన్న రేకుల షెడ్డులో శుక్రవారం శుక్రవారం క్రైస్తవుల ఉపవాస ప్రార్థన జరుగుతుంది. పక్కింటి సక్కుబాయి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. "మూడు శుక్రవారాలు పట్టు బట్టు జమునా. నా గర్భసంచి గడ్డ గట్లనే కరిగింది," అంది. మొదటి రెండు శుక్రవారాలూ జమున ఒక్కతే పస్తు ఉంది. షుగరు మీటరు చూస్తే మూడు వందల నలభై, మూడు వందల పది. పెద్దగా ఏమీ దిగలేదు.

రెండో శుక్రవారం నుంచి ఆమె బుర్రలో ఒకే పురుగు తొలిచింది. హుస్నాబాద్ దిక్కు పుట్టింట్లో వాళ్లవ్వ చెప్పే మాట అది. ఎవరికి గండమో వాళ్లే ఒక్కపొద్దు ఉండాలి, ఒకరి కడుపు కాలితే ఇంకొకరికి పుణ్యం రాదు. చిన్నప్పుడు జమునకు జ్వరం విడవకపోతే అవ్వ ఆమెకే పసుపు బట్ట కట్టి మల్లన్న పేర ఒక్కపొద్దు ఉంచింది. జ్వరం విడిచింది కూడా. దేవుడు మారితే మాత్రం మొక్కు పద్ధతి మారుతుందా?

ఇంకొకటి. చనిపోయిన మామకూ షుగరే. రాత్రి బువ్వ మానేసి సగం రొట్టెతో పడుకున్న రోజున ఆయనకు షుగరు దిగేది. ఊళ్లో షుగరున్న ముసలివాళ్లందరికీ ఏ డాక్టరైనా చెప్పేది తక్కువ తినమనే కదా. అంటే వందన ఒక్క పూట తినకపోతే మొక్కూ తీరుతుంది, షుగరూ దిగుతుంది. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన జమునకు ఈ లెక్క ఎటు నుంచి చూసినా సరిగ్గానే కనబడింది. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని మనసులో ఏదో మూల తెలుసు.

అత్త బుచ్చవ్వ చేనుకు పోతూ కొంగు నడుముకు బిగించింది.

"పిల్లకు బువ్వ వెట్టినవానే?"

"పెట్టిన అత్తమ్మా."

"ఏం బెట్టినవ్?"

"జొన్నరొట్టె, పప్పు."

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో జమునకే భయం వేసింది. బుచ్చవ్వ మనవరాలి తల నిమిరి, కోడలి వైపు తిరిగింది.

"మల్లన్నకు పట్నాలేస్తివి, దర్గల తాయెత్తు గట్టిస్తివి, ఇప్పుడు రేకుల షెడ్డు. బస్టాండ్ల బస్సులు మారినట్టు దేవుళ్లను మారుస్తున్నవ్ గదనే."

"ఏదో ఒక బస్సు ఊరు చేరుస్తది గదా అత్తమ్మా."

"చేరిస్తె మంచిదే. పిల్ల సూది ఇడిస్తె నేనే అచ్చి ఆ షెడ్డుకు దండం బెడ్త," అని గంప నెత్తిన పెట్టుకుని పోయింది.

షెడ్డుకు నడిచి అరగంట. దారిలో బస్సు స్టేజీ దగ్గర ఉల్లిగారెల బండి పెట్టుకున్న మనిషి నూనెలోంచి వాయి తీస్తున్నాడు. వందన ఆ వైపు చూసి, ఎవరూ అడగకముందే, "నాకేం ఆకలైతలేదు," అంది.  అయినా జమున ఆగలేదు. మూడో శుక్రవారం. ఇంత దూరం వచ్చి ఇప్పుడు తప్పితే, రేపు మీటరు మీద అంకె దిగకపోతే, ఆ తప్పు ఎవరిది?

షెడ్డులో అప్పటికే ముప్పై నలభై మంది ఉన్నారు. ఆడవాళ్లు తలల మీద కొంగులు కప్పుకుని ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. ప్రార్థన నడిపే పాస్టరు సుధాకర్ అయ్యగారు ఖానాపూర్‌లో మోటార్లు వైండింగ్ చేసే మనిషి. పది నిమిషాలు మాట్లాడితే ఒక్కసారైనా కరెంటు ఉపమానం వస్తుంది. ఆయన భార్యను అందరూ అమ్మగారు అంటారు. సంఘ పెద్ద లింగమూర్తి అరవై దాటిన మనిషి, ఒక్క శుక్రవారం కూడా తప్పడు. ఆ రోజు అందరూ వందనను చూసి నవ్వారు. ఈ పిల్ల కోసమే రెండు వారాలుగా పేరు పేరునా ప్రార్థిస్తున్నారు మరి.

పదింటికి పాటలు మొదలయ్యాయి. పదకొండు దాటేసరికి రేకులు కాగి షెడ్డు పెనంలా అయింది. అందరికీ చెమటలే. కాబట్టి వందన మెడ కింద గౌను తడిసి ముద్దైతే జమున పట్టించుకోలేదు. కొంగుతో తుడిచి ఒళ్లోకి లాక్కుంది.  ఇంత ఉడకలో పిల్ల ఒళ్లు బావి గట్టు రాయిలా చల్లగా ఉంది.

"సల్లగున్నవేందే బిడ్డా? మంచిగనే ఉన్నదా?"

వందన మైకు వైపు చూస్తూ నవ్వింది. "అమ్మా, గా మైకుల చీమలున్నయ్. అయ్యగారి నోట్లకు పోతున్నయ్."

"ఉష్. గట్లనొద్దు."

పిల్ల మళ్లీ నవ్వింది. అది వందన నవ్వు కాదు. ఆ వెంటనే జమున చేతిని విదిలించి కొట్టింది. ఎన్నడూ ఎవరి మీదా చెయ్యి ఎత్తని పిల్ల. పెదవులు వణికాయి, తర్వాత వేళ్లు వణికాయి.

వెనక కూర్చున్న సక్కుబాయి చూసింది. ఇచ్చోడ నుంచి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్లయినా ఆమెకు సంతోషమొస్తే పుట్టింటి మరాఠీ పైకి తేలుతుంది. "అరే దేవా! బాయ్, ముట్టిండు! ప్రభువు ముట్టిండు పిల్లను! అయ్యగారూ, జర గిటు రాండ్రి!"

సుధాకర్ అయ్యగారు నూనె సీసాతో వచ్చి వందన నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "ప్రభువా, ఈ పసిబిడ్డ దేహంలో ఉన్న రోగాన్ని వేళ్లతో సహా పెకలించండి!" అని గొంతెత్తాడు. షెడ్డంతా లేచింది. స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం. చప్పట్లు రేకుల మీద వడగళ్లలా పడ్డాయి. పిల్ల ఎంత వణికితే గొంతులు అంత పెరిగాయి. రోగం పోతోంది, అందుకే ఊపుతోంది అని ఎవరో అన్నారు.

ఒక్క క్షణం జమునకూ అలాగే అనిపించింది. కళ్లు మూసుకుని ఏడ్చింది. ఐదు నెలల బరువు భుజాల మీద నుంచి ఎవరో దించుతున్నట్టు, మస్కట్‌లో ఉన్న మొగుడికి ఫోన్ చేసి ఏం చెప్పాలో మాటలు కూడా కుదిరినట్టు. అవతల నరేశ్ ఏడుస్తాడు కూడా.

కళ్లు తుడుచుకోవడానికి తెరిచింది. ఒళ్లో పిల్ల ముఖం సున్నం గోడలా తెల్లబారి ఉంది. కనుగుడ్లు ఎటో నిలబడ్డాయి. నోరు మాత్రం కదులుతోంది. మాట కోసం కాదు. నెలల పిల్లగా ఉన్నప్పుడు నిద్రలో పాల కోసం వెతికినట్టు, ఉత్తగాలిని చప్పరిస్తోంది.

ఆకలి. ఆ చప్పరింపు తల్లికి తెలియనిదా?

అప్పుడు వచ్చింది గుర్తు. నిర్మల్ దవాఖాన నుంచి ఇంటికి పంపేనాడు నర్సమ్మ ఆమె గుప్పిట్లో ఒక చాక్లెట్ కుక్కి చెప్పింది. "చెమటలు పట్టినా, వణికినా, పిచ్చి మాటలు మాట్లాడినా, ముందు తీపి పెట్టాలె. తర్వాతనే ఫోన్లు." ఆ మాట జమున ఎవరి పిల్ల గురించో విన్నట్టు విన్నది. తన పిల్లకు ఎప్పుడూ పైకి ఎక్కే షుగరే తప్ప కిందికి పడే షుగరు ఉంటుందని ఆమె ఊహకే రాలేదు. ఆ చాక్లెట్‌ను దారిలో ఎవరో పిల్లకు ఇచ్చేసింది కూడా.

"ఆపుండ్రి!" అని అరిచింది.

ఎవరికీ వినబడలేదు. అయ్యగారి చేతిని పిల్ల నెత్తి మీద నుంచి తోసేసింది.

"ఆపుండ్రి అయ్యగారూ! రోగం పోవుడు గాదిది. పిల్ల పోతున్నది! చక్కెర ఉన్నదా? ఎవల దగ్గరన్న చక్కెర, బెల్లం, చాక్లెట్?"

చప్పట్లు తెగిపోయాయి. సక్కుబాయి ఆమె భుజం పట్టింది. "గట్ల నోరు జారకే, దేవుడు పని జేస్తుంటే..."

"నీ సంచి దులుపు అక్కా! సంచి దులుపు!"

సంచులన్నీ కింద బోర్లించారు. పాటల పుస్తకాలు, బైబిళ్లు, తాళాలు, మంచినీళ్ల సీసాలు, ఒక ముసలమ్మ రొంటిలోంచి తంబాకు డబ్బా. అంతే. ఉపవాసమని వచ్చినవాళ్ల దగ్గర తినేది ఎక్కడుంటుంది? ఎవరో బండి తీసి స్టేజీ వైపు దూసుకుపోయారు. పోను రాను పది నిమిషాలు. వందన మెడ అప్పుడే వెనక్కి వాలుతోంది.

అమ్మగారు మూలనున్న ఇనప పెట్టె వైపు చూసి, మళ్లీ భర్త వైపు చూసింది. "ద్రాక్షరసం ఉన్నది. ఆదివారం ప్రభువు బల్లల అందరికి ఇచ్చెతందుకు నిన్ననే కాసి తెచ్చిన. చక్కెర మస్తు వోసిన."

పెట్టె తాళం చెవి లింగమూర్తి మొలతాడుకు ఉంటుంది. ఆయన లేచి నిలబడ్డాడు గానీ చెయ్యి నడుము దగ్గరికి పోలేదు.

"అయ్యగారూ, అది ప్రభువు రక్తానికి గుర్తు. బాప్తిస్మం లేనోళ్లు ముడితె ఆ శిక్ష ముట్టినోళ్ల మీదికే అస్తది. ఆ పసిదాని మీదికి అస్తది. నేను పిల్ల కోసమే అంటున్న."

మొండితనం కాదు అది.  బాప్తిస్మం తీసుకుని ఆ బల్లలో కూర్చున్నందుకే కన్న కొడుకులు ఆయనను ఇంట్లోంచి వెళ్లగొట్టారు. ఆ రసం ఆయనకు సీసాలోని తీపినీళ్లు కాదు.  సుధాకర్ అయ్యగారు వాక్యం తెలిసిన మనిషే. ఆ వాక్యం ఈ పిల్లకు ఎట్లా అడ్డం పడుతుందో, పడదో, ఆ క్షణాన ఆయనకూ తెలియలేదు.

జమున పిల్లను చాప మీద పక్కకు తిప్పి పడుకోబెట్టింది.

"శిక్ష నా మీదికి రానీయ్ పెద్దయ్యా. తప్పు నాది. పొద్దుగాల సూది ఇచ్చిన, బువ్వ పెట్టలే. పిల్లతోని ఒక్కపొద్దు ఉంచిన."

"పిల్లతోని ఉపవాసమా?" అమ్మగారు గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎవలు జెప్పిండ్రే నీకు?"

"ఎవలూ జెప్పలే. తాళం ఇయ్యుండ్రి. నీ కాల్మొక్త పెద్దయ్యా, తాళం ఇయ్యి."

లింగమూర్తి చెయ్యి అప్పుడు కదిలింది. తాళం చెవి ముడి విప్పబోయాడు, రాలేదు. ఒక్క గుంజుడు గుంజాడు. మొలతాడు తెగి తాళం చెవితో సహా చేతికి వచ్చింది. "నాకు కండ్లు సరిగ ఆనయ్. నువ్వే తీయ్ అమ్మగారూ, జల్ది."

అమ్మగారు పెట్టె తీసి రసం గిన్నెలో పోసి తెచ్చింది. నోట్లో పోయొద్దు, పోస్తే పొలమారుతుంది. నర్సమ్మ అదీ చెప్పింది. జమున వేలు రసంలో ముంచి పిల్ల బుగ్గ లోపల రుద్దింది. మళ్లీ ముంచింది, మళ్లీ రుద్దింది. నాలుగోసారి పళ్లు బిగుసుకుని ఆమె వేలు తెగింది. నెత్తురూ రసమూ ఒకటే రంగు. వేలు వెనక్కి తీయలేదు.  అయ్యగారు మోకాళ్ల మీద ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. లింగమూర్తి తెగిన మొలతాడు పట్టుకుని గోడకేసి నిలబడ్డాడు.

ప్రభువా, అని జమున లోపల అనుకుంది. ఇంకో మాట దొరకలేదు. ప్రభువా. వేలు ముంచింది. ప్రభువా.

చాలాసేపటికి వందన నాలుక కదిలి వేలిని చప్పరించింది. గొంతు కింద గుటక దిగడం అందరికీ కనబడింది. సక్కుబాయి స్తోత్రం అనబోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇంకొన్ని గుటకలు మింగాక పిల్ల కళ్లు తెరిచింది గానీ ఎవరినీ గుర్తుపట్టలేదు. స్టేజీ నుంచి చక్కెర పొట్లంతో పాటు ఆటో కూడా వచ్చింది. జమున, అమ్మగారు పిల్లతో ఎక్కారు. అయ్యగారు బండి మీద వెనక వచ్చాడు. ఖానాపూర్ దాకా దారంతా జమున వందన బుగ్గలు తడుతూనే ఉంది. పిల్ల కళ్లు మూస్తే అది నిద్రో, మళ్లీ మూర్ఛో తెలియదు. "నీ పేరేంది? చెప్పు, నీ పేరేంది బిడ్డా?" ఊరు దాటేదాకా జవాబు లేదు. కాలువ వంతెన మీద ఆటో ఎగిరిపడ్డప్పుడు, "వందన," అని విసుక్కుంది. "ఎన్నిసార్లడుగుతవ్?"

జమున ఆ విసుగును ముద్దు పెట్టుకుంది.

దవాఖానలో నర్సు వేలు పొడిచింది. యాభై ఎనిమిది. చేతికి గ్లూకోజు పెట్టారు. డాక్టరమ్మ చీటీ తీసి అడిగింది. "చివరిసారి ఎప్పుడు తిన్నది?"

జమున నోరు తెరిచేలోపు వెనక నుంచి జవాబు వచ్చింది. సక్కుబాయి ఫోను చేస్తే చేన్లోంచి అలాగే ఎవరి బండి మీదో వచ్చిన బుచ్చవ్వ, మోకాళ్ల దాకా బురదతో గుమ్మంలో నిలబడి ఉంది. "పొద్దుగాలనే తిన్నది మేడమ్. జొన్నరొట్టె, పప్పు. నేను అడిగినంకనే చేనుకు వోయిన."

"రొట్టె తిని కూడా ఇంత పడిందంటే సూది డోసు ఎక్కువైనట్టు. సగానికి తగ్గిద్దాం," అని డాక్టరమ్మ రాయబోయింది.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. షెడ్డులో చెప్పడం వేరు, అక్కడ అందరూ ఒక దేవుడి ముందు వంగినవాళ్లు. ఇక్కడ అత్త ఉంది. ఈ మాట విన్నాక మళ్లీ ప్రార్థనకు గడప దాటనిస్తుందా? నరేశ్ ఏమంటాడు? కలం కాగితం మీద ఆనింది. సగం సూదితో రేపటి నుంచి పిల్లకు షుగరు ఎంతకు ఎక్కుతుందో!

"తినలేదు మేడమ్," అంది జమున. "అత్తమ్మకు అబద్ధం చెప్పిన. రాత్రి తిన్నదే. సూది మాత్రం ఇచ్చిన. పిల్లను ఉపాసం ఉంచిన."

బుచ్చవ్వ చెయ్యి లేచింది. అది కోడలి చెంప మీద పడకుండా గాలిలోనే ఆగి, గుమ్మం పక్కన నిలబడిన అయ్యగారి వైపు తిరిగింది. "మీరా? మీరు జెప్పిండ్రా గీ పని?"

"ఆళ్లు గాదు అత్తమ్మా. ఆళ్లకు ఎరుకనే లేదు. మామకు తినకుంటె షుగరు దిగేది గదా, గట్లనే అనుకున్న. నేనే అనుకున్న."

అయ్యగారు తల దించుకున్నాడు. "మేము గూడ అడగాల్సి ఉండె అవ్వా. పిల్ల తిన్నదా అని ఒక్కమాట అడగలే. తప్పు మాది గూడ."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. కోప్పడలేదు, జమునకు అందుకే ఎక్కువ భయం వేసింది. "ముసలివాళ్ల షుగరు వేరమ్మా, ఈ పిల్ల షుగరు వేరు. వాళ్లు తగ్గించి తినాలి. ఈమెకు సూది పడిందంటే అరగంటలో బువ్వ పడాలి. ప్రార్థన చేసుకో, ఎవరొద్దన్నారు? కానీ సూదికీ బువ్వకూ మధ్య మాత్రం ఎవరూ రాకూడదు, దేవుడైనా సరే."

గంట తర్వాత మళ్లీ పొడిచారు. నూట నాలుగు. ఇప్పుడు తినిపించమన్నారు. జమున లేచేసరికి బుచ్చవ్వ కనబడలేదు. కోపంతో ఇంటికి పోయిందనుకుంది. కాసేపటికి ముసలామె రెండు ఇడ్లీ పొట్లాలతో వచ్చి మంచం మీద పడేసి, కోడలి ముఖం చూడకుండా స్టూలు మీద కూర్చుంది.

అమ్మగారు అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని చేతులు జోడించింది. "ప్రభువా, ఈ ఆహారాన్ని..."

ఆమె మాట పూర్తయ్యేలోపు జమున ఇడ్లీ తుంచి పిల్ల నోట్లో పెట్టేసింది. రెండో ముక్క కూడా పెట్టింది. పెదవుల వెంట చట్నీ కారుతుండగా వందన, బుగ్గ నిండుగా ఉండగానే, "ఆమెన్," అంది. ఎవరూ నవ్వకూడదనుకున్నారు గానీ ముందు నవ్వింది బుచ్చవ్వే.

"ఇగో," అని రెండో పొట్లం కోడలి ముందుకు నెట్టింది. "నువ్వు గూడ మింగు. ముఖం జూడు, పీనుగ లెక్క."

"నేను సాయంత్రం దాకా ఉంట అత్తమ్మా. మూడో శుక్రవారం. ఇది నా ఒక్కపొద్దు."

"ఇంత జరిగినంక గూడనా?"

"ఇంత జరిగినంకనే."

బుచ్చవ్వ మనవరాలి పెదవుల మీది చట్నీని కొంగుతో తుడిచింది. "ఉండు. నీ కడుపు, నీ దేవుడు. వచ్చే శుక్రవారం నేను సుత అస్త షెడ్డుకు. దండానికి గాదు, పిల్లకు బువ్వ గిన్నె పట్టుకొని." అని పొట్లం తన వైపు లాక్కుని, ఇడ్లీ విప్పుకుని తినడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచి ఆమె కూడా ఏమీ తినలేదు.